తప్పెట మనది, లెక్క ఎవరిది?

పెనుకొండ దగ్గర ఒక పల్లె. రాత్రి ఎనిమిది దాటింది. సభకు రావాల్సిన వక్తల జీపు ఇంకా రాలేదు. జనం లేచిపోకుండా ఉండాలని మైకు సెట్టు అబ్బాయి మన పాటల సీడీ పెట్టినాడు. కాలేజీ పిల్లలు చిందులు మొదలుపెట్టినారు. వేపచెట్టు కింద ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. అరవై దాటిన మనిషి. భుజాన తువ్వాలు, కాళ్ళకు చెప్పుల్లేవు. రెండుసార్లు కాలెత్తినాడు. రెండుసార్లూ మళ్ళీ నేలకు ఆనించినాడు.

'ఏం పెద్దనాయనా, ఎగరవా?' అని అడిగినా.

'ఆ దెబ్బ నాదే సామీ. నేను కొట్టిందే. గానీ కాలు పడ్డంల్యా' అన్నాడు.

ఆ రాత్రి ఉపన్యాసాలు ఎవరు ఏం చెప్పినారో నాకు గుర్తులేదు. ఈ మాట మాత్రం చెవిలో ఉండిపోయింది. ఎందుకంటే ఆ సీడీ చేయించిన వాళ్ళలో నేనూ ఒకన్ని. ఆ పెద్దాయనను, ఆయన జట్టులో ఇంకో ముగ్గురిని బస్సెక్కించి పెద్ద ఊరి స్టూడియోకు తీసుకుపోయింది మేమే. స్టూడియో పేరు చెప్పను. తప్పు ముందు మాది, తర్వాతే స్టూడియోది.

అక్కడ ఏం జరిగిందో చెబుతా. నలుగురి చెవులకూ హెడ్‌ఫోన్లు తగిలించినారు. అందులో యంత్రం టక్ టక్ మని కొట్టే క్లిక్కు వినిపిస్తుంది. దానితో కలిపి వాయించమన్నారు. అయిదు నిమిషాలు తంటాలు పడినారు. పెద్దాయన హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టి, 'ఇది మన మాట ఇనదు సామీ, దాని పాటికది పోతాంది. మేం పిలిస్తే పలకడంల్యా' అన్నాడు. గదిలో అందరమూ నవ్వినాం. నేనూ నవ్వినా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఏసీ గదిలో తోలు మెత్తబడింది. తప్పెటకు కాక తగలాలి గదా. ఊర్లో అయితే గడ్డి మంట వేసి కాచుకుంటారు. స్టూడియోలో అగ్గి పెట్టనిస్తారా? ఎక్కడినుంచో కరెంటు హీటరు తెప్పించి దాని ముందు పట్టుకున్నారు. అట్లా నలభై నిమిషాలు వాళ్ళ ఇష్టం వచ్చినట్లు వాయించినారు. ఆ నలభై నిమిషాల్లోనుంచి ఇంజనీరు కుర్రాడు సరిగ్గా పది సెకన్ల ముక్క కోసుకున్నాడు. మిగతాదంతా ఏమైందో ఈరోజుకూ తెలియదు. నలుగురికీ బస్సు చార్జీలు, భోజనం, ఒక పూట కూలి. చేతిలో పెట్టి పంపించినాం. ఒక్కరి పేరు కూడా సీడీ అట్ట మీద వెయ్యలేదు. పాట రాసినాయన పేరుంది, పాడినాయన పేరుంది, అట్ట అచ్చు వేసిన ప్రెస్సు పేరు కూడా ఉంది.

ఆ పది సెకన్ల ముక్కనే లూపు అంటారు. ఒక దరువు ముక్కను కోసి, తోకను తలకు అంటించి, ఎంతసేపు కావాలంటే అంతసేపు తిప్పడం. ఇప్పుడు సినిమా పాట, భక్తి పాట, ఎన్నికల పాట, ఉద్యమ పాట అన్నీ ఈ చక్రం మీదనే నడుస్తున్నాయి. ధర్మవరం నేతన్నలకు ఇది కొత్త సంగతి కాదు. మగ్గం మీద జకార్డు పెట్టెకు చిల్లుల అట్టలు గొలుసుగా కట్టి వేలాడదీస్తారు. ఒక్కో అట్ట ఒక్కో పోగు వరసకు. గొలుసు ఒక చుట్టు తిరిగితే ఒక పువ్వు పూర్తవుతుంది. మళ్ళీ అదే గొలుసు, మళ్ళీ అదే పువ్వు. అంచు పొడవునా అంతే. లూపు అంటే చెవికి నేసిన జకార్డు. అయితే ఒక తేడా ఉంది. మగ్గం గుంటలో కూర్చున్న మనిషి కాలితోనే ఆ గొలుసు కదులుతుంది. మనిషి అలిసిపోతే గొలుసు నెమ్మదిస్తుంది. మనిషి ఆగితే ఆగుతుంది. స్టూడియో లూపుకు మనిషి కాలు అక్కర్లేదు.

డిగ్రీ చదివే పిల్లలు చాలామంది ఈరోజు సెల్లు మీదే, పాత ల్యాప్‌టాప్ మీదే పాటలు కడుతున్నారు. ఉద్యోగులు ఆఫీసు సంఘాల వార్షికోత్సవాలకు కడుతున్నారు. వాళ్ళకు ఈ లెక్క తెలియాలి. తెలిస్తేనే ఎక్కడ మోసం జరుగుతుందో కూడా తెలుస్తుంది.

లెక్క చాలా చిన్నది. నడకను నిమిషానికి ఎన్ని దెబ్బలు అని కొలుస్తారు. బీపీఎం అనేది అదే. ముక్కలో ఉన్న దెబ్బలను 60తో హెచ్చవేసి, ముక్క పొడవు ఎన్ని సెకన్లో దానితో భాగించాలి. మా ముక్కలో 16 దెబ్బలు, పొడవు 10 సెకన్లు. 960ని 10తో భాగిస్తే 96. పెద్దాయన జట్టు నడక 96. మా పాట కట్టింది 120 మీద. అంటే పది సెకన్ల ముక్కను ఎనిమిది సెకన్లకు కుదించాలి. నూటికి ఇరవై అయిదు ఎక్కువ వేగం. పొలం గట్టు మీద నడిచే మనిషిని మెడబట్టి పరుగెత్తించడం అన్నమాట.

ఎట్లా పరుగెత్తిస్తారు? పాత పద్ధతి మనందరికీ తెలుసు. టేపు రికార్డరులో సెల్లు అయిపోతే పాట సాగి సాగి, గొంతు బొంగురు పోయేది గుర్తుందా? ఇంట్లో రికార్డు ప్లేయరు ఉన్నవాళ్ళు 33 రికార్డును 45 మీద పెట్టి ఘంటసాల గొంతును చిన్నపిల్లాడి గొంతు చేసి నవ్వుకునేవాళ్ళు. వేగం, శ్రుతి రెండూ ఒకే తాడుకు కట్టి ఉండేవి. ఒకటి లాగితే రెండోది వచ్చేది. ఆ పద్ధతిలో 96ను 120 చేస్తే శ్రుతి దాదాపు నాలుగు స్వరస్థానాలు పైకి పోతుంది. హార్మోనియం మీద నాలుగు మెట్లు. పెద్ద తప్పెట కాస్తా పిల్లల ఆటబొమ్మ డప్పు అయిపోతుంది.

కొత్త పద్ధతి ఆ తాడును కోసింది. శ్రుతి ముట్టుకోకుండా వేగం, వేగం ముట్టుకోకుండా శ్రుతి మార్చవచ్చు. దానికి రెండు దారులు ప్రధానం. ఒకటి, దరువును దెబ్బ దెబ్బకూ ముక్కలు కోసి, ముక్కలను దగ్గరికో దూరానికో జరపడం. 1994లో వచ్చిన రీసైకిల్ అనే సాఫ్ట్‌వేర్ ఈ పని చేసి పేరు తెచ్చుకుంది. రెండోది, శబ్దాన్ని సెకనులో వెయ్యో వంతు లెక్కన సన్నని తునకలు చేసి, వేగం పెంచాలంటే కొన్ని పారేయడం, తగ్గించాలంటే కొన్నింటిని రెండుసార్లు వాడడం. 1998లో యాసిడ్, 2001లో ఏబుల్‌టన్ లైవ్ వచ్చినాక పాట వేగం మారిస్తే లూపులన్నీ వాటంతటవే సాగడం, కుదించుకోవడం మామూలైపోయింది. అంతకుముందు పూటంతా పట్టే పని మౌసు తిప్పినంతలో అయిపోయింది. ఇది గొప్ప విద్యే. కాదనను.

కానీ ఎక్కడ నష్టం జరుగుతుందో చూడండి. తప్పెట దెబ్బలో ప్రాణమంతా మొదటి క్షణంలో ఉంటుంది. పుల్ల తోలుకు తగిలిన ఆ పెళ్లుమనే శబ్దం. తునకల పద్ధతిలో వేగం పెంచితే ఆ పెళ్లుమన్న చోటే తునక ఒకటి రాలిపోవచ్చు. దెబ్బ మొద్దుబారుతుంది. వేగం బాగా తగ్గిస్తే అదే తునక రెండుసార్లు మోగి, ఒకే దెబ్బను ఇద్దరు ముందూ వెనకా కొట్టినట్లు నత్తి వస్తుంది. కోసి జరిపే పద్ధతిలో ఈ బాధ లేదు. కానీ నెమ్మదిస్తే దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ పడుతుంది. తోలు కమ్ముకునే ఆ గుంయ్‌మనే శేషం ఆ ఖాళీలో తెగిపోతుంది. నా చెవి లెక్క ప్రకారం నూటికి ఎనిమిదో పదో దాకా ఎటు జరిపినా దరువు ఓర్చుకుంటుంది. ఆపైన అది ఏడుస్తుంది. మేము పాతిక లాగినాం.

ఇక ఉరుముల సంగతి. అనంతపురం పల్లెల సొత్తు ఈ వాద్యం. గత్తర వచ్చినా జాతర వచ్చినా అమ్మవారి ముందు మోగేది. రెండు ముఖాలు. ఒక ముఖాన్ని పుల్లతో కొడతారు, ఇంకో ముఖాన్ని వంపు పుల్లతో రాస్తారు. ఆ రాపిడిలోనుంచే మేఘం గర్జించినట్లు శబ్దం వస్తుంది. ఆ పేరే అందుకు వచ్చింది. కర్ణాటకలో ఉరుమె అంటారు, తమిళనాడులో ఉరుమి అంటారు. ఈ వాద్యాన్ని యంత్రానికి పెట్టి 'దీని నడక ఎంతో చెప్పు' అంటే అది తలకిందులవుతుంది. యంత్రం నడక కనుక్కునేది శబ్దం ఉన్నట్టుండి ఎగసే చోట్లను వెతికి. రాపిడికి ఎగసే చోటు ఎక్కడుంది? అది అలలాగా వస్తుంది, అలలాగా పోతుంది. ఒక మిత్రుడి కంప్యూటరు మీద ఒకే ఉరుముల ముక్కను మూడుసార్లు మూడు చోట్ల కోసి పెట్టినాం. మూడు వేరు వేరు అంకెలు చెప్పింది. వాయించే మనిషిని అడిగితే కాలు నేలకు తాకించి చూపించినాడు. అర నిమిషంలో తేలిపోయింది.

యంత్రం తరచు చేసే ఇంకో పొరపాటు, నడకను సగానికో రెట్టింపుకో చదవడం. 140ని 70 అంటుంది. 70ని 140 అంటుంది. దీన్ని దిద్దుకోవడం తేలిక, రెండుతో హెచ్చవేస్తే సరి. అసలు చిక్కు మూడు మూడుగా నడిచే దరువులతో వస్తుంది. మన కోలాటం పాటలు, జాతర దరువులు ఎన్నో తిశ్రంలో ఉంటాయి. సాఫ్ట్‌వేర్ తయారైన దేశాల్లో పాట అంటే నాలుగు దెబ్బల లెక్క. పెట్టె తెరిచీ తెరవగానే గడులు నాలుగేసి గీసి పెట్టి ఉంటాయి. 100 మీద నడిచే తిశ్రాన్ని అది 150 అని చదివి, నాలుగు గడుల్లో ఇరికించి కూర్చోబెడుతుంది. వినేవాడికి ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్లు ఉంటుంది, ఎక్కడో చెప్పలేడు. కాబట్టి తమ్ముళ్ళూ, యంత్రం చెప్పిన అంకెను నమ్మకండి. ముందు కాలితో వేసి చూడండి. వాయించే మనిషి ఎక్కడ అడుగు వేస్తాడో అదే దెబ్బ. తర్వాతే సాఫ్ట్‌వేర్‌లో ట్యాప్ మీట మీద వేలితో కొట్టి అంకె తీయండి.

ముక్క కోసేటప్పుడు కూడా అంతే జాగ్రత్త. ఎనిమిది సెకన్ల లూపులో తోక దగ్గర సెకనులో యాభయ్యో వంతు ఎక్కువ వదిలినారనుకోండి. ఒక చుట్టుకు ఎవరికీ తెలియదు. ముప్పై చుట్లు తిరిగేసరికి, అంటే నాలుగు నిమిషాల పాట చివరికి వచ్చేసరికి, అర సెకను పైన వెనకబడుతుంది. గాయకుడు ఒక దారి, దరువు ఒక దారి. ఇంకోటి, శబ్దపు అల నడిమి గీతను దాటే చోటే కత్తెర పెట్టాలి. లేకపోతే చుట్టు చుట్టుకూ టిక్కుమని గుచ్చుకుంటుంది. డబ్బుల్లేని విద్యార్థులకు ఆడాసిటీ ఉంది. ఉచితం. అందులో ఛేంజ్ టెంపో వేరు, ఛేంజ్ స్పీడ్ వేరు. మొదటిది శ్రుతిని కదపదు, రెండోది పాత టేపులాగా రెండింటినీ లాగుతుంది. ఈ తేడా తెలియక ఎంత మంది గొంతులను చెడగొట్టినారో. 2023లో వచ్చిన వెర్షన్ నుంచి అందులో తాళం గడులు కూడా పెట్టినారు.

ఇదంతా తెలిసినా పెద్దాయన కాలు ఎందుకు పడలేదో ఇంకా చెప్పలేదు. వేగం పెరగడం ఒక్కటే కారణం కాదు. ఊర్లో ఆయన 120 కంటే ఎక్కువ మీద కూడా ఎగరగలడు. చూసినా. కారణం, ఆయన దరువు ఎప్పుడూ ఒకచోట ఉండదు.

మొన్న హిందూపురం దగ్గరి ఒక ఊర్లో చెక్కభజన చూడడానికి పోయినా. చేతిలో సెల్లు, అందులో స్టాప్‌వాచ్. గురువు పల్లవి ఎత్తుకున్నప్పుడు పదహారు దెబ్బలకు పది సెకన్లు పట్టింది. 96. చివరి అడుగులకు వచ్చేసరికి అదే పదహారు దెబ్బలు ఆరు సెకన్లలో అయిపోయినాయి. 160. ఎక్కడ పెరిగింది? ఏ ఒక్కచోటా కాదు. ఒక అడుగు కుదిరిందని గురువు కంటికి తెలిసిన వెంటనే వెంట్రుకవాసి ముందుకు జరుపుతాడు. కుర్రోళ్ళు అందుకుంటారు. ఒకడు తడబడితే గురువు గజ్జె కాలు గట్టిగా కొట్టి నిలబెడతాడు, ఆ రెండు మూడు దెబ్బలు నెమ్మదిస్తాయి. మళ్ళీ సాగుతుంది. చూసేవాళ్ళ ఒళ్ళు జలదరించేది ఆ జరగడంలోనే. కోలాటమూ అంతే, తప్పెటా అంతే. పిలిస్తే పలికే దరువు అది. పెద్దాయన స్టూడియోలో చెప్పింది ఇదే. మేము నవ్వినాం.

ఈ నడకంతా తీసేసి, నలభై నిమిషాల్లో ఒక్క పది సెకన్లు కోసి, దాన్నే నాలుగు నిమిషాలు తిప్పితే అందులో మొదలు లేదు, ఎదుగుదల లేదు, ముక్తాయింపు లేదు. నడక ఎంత అన్నదానికి జవాబుంది, ఎటు పోతున్నదో జవాబు లేదు. యంత్రానికి ఈ పని చేతకాదని కాదు. నాటకాల హార్మోనిస్టులను చూడండి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1886లో బళ్ళారిలో సరస వినోదిని సభ పెట్టి నాటకంలో పాటకు పీట వేసిన నాటినుంచీ మన రంగస్థలానికి ఒకటే నీతి. నటుడు రాగం ఎంతసేపు తీస్తే హార్మోనియం అంతసేపు వెంట నడవాలి. పెట్టె మనిషి వెనక నడవాలి. ఇప్పటి సాఫ్ట్‌వేర్‌కూ ఆ విద్య వచ్చు. టెంపో మ్యాపు అంటారు. మనిషి వాయించినదాన్ని కదిలించకుండా ఉంచి, గడులనే దానికి తగ్గట్టు వంచడం. గంటా రెండు గంటలు ఎక్కువ పని. ఆ గంటలకు డబ్బులు ఇవ్వాలి. ఇబ్బందంతా అక్కడ.

మనకంటే ముందే ఈ దారిలో నలిగిపోయిన ఒక మనిషి కథ చెప్పాలి. అమెరికాలో 1969లో ది విన్‌స్టన్స్ అనే జట్టు 'ఆమెన్, బ్రదర్' అని ఒక రికార్డు చేసింది. అందులో డ్రమ్ము వాయించినాయన గ్రెగరీ కోల్‌మన్. నల్లజాతి మనిషి. పాట మధ్యలో మిగతా వాద్యాలన్నీ ఆగి, ఏడు సెకన్ల పాటు ఆయన ఒక్కడే వాయిస్తాడు. పదహారు దెబ్బలు. మన లెక్కకు వేసుకుంటే 137 వస్తుంది. ఇరవై ఏళ్ళు కూడా గడవకముందే ఆ ఏడు సెకన్లు లూపయి కూర్చున్నాయి. 1990లలో ఇంగ్లండు కుర్రోళ్ళు దాన్ని 160కీ 170కీ లాగి, ముక్కలు ముక్కలు చేసి, జంగిల్ అని ఒక కొత్త సంగీతాన్నే పుట్టించినారు. వేల పాటల్లో ఆ ఏడు సెకన్లు మోగుతున్నాయి. కోల్‌మన్‌కు దాని మీద పైసా రాలేదు. 2006లో ఇల్లూవాకిలీ లేకుండా చనిపోయినాడు. 2015లో ఇంగ్లండులో అభిమానులు చందాలు వేసి 24,000 పౌండ్లు పంపితే, ఆ జట్టు నాయకుడు రిచర్డ్ స్పెన్సర్ చేతికి అందినాయి. కోల్‌మన్ పోయి అప్పటికే తొమ్మిదేళ్ళు.

మన పెద్దాయన దెబ్బ ఎన్ని పాటల్లో ఉంది? ఎవరికి తెలుసు? ఒకసారి లూపుగా కోసి ఫైలుకు 'డప్పు 3' అని పేరు పెట్టినాక అది పెన్‌డ్రైవు నుంచి పెన్‌డ్రైవుకు పోతుంది. ఊరు లేదు, మనిషి లేడు, కులం లేదు. కులం లేకపోవడం మంచిదే గదా అనే మేధావులు ఉంటారు. అయ్యా, చావుకు డప్పు కొట్టించుకునేటప్పుడు కులం గుర్తుంటుంది, కొట్టినవాడికి పేరూ డబ్బూ ఇచ్చే చోట మాత్రం అది కళ అయిపోతుందా? పెళ్ళి ఊరేగింపుల్లో, వినాయకుడి నిమజ్జనంలో ఇప్పుడు ట్రాక్టరు మీద డీజే పెట్టెలు. వాటిలో గుండెలదిరేలా మోగేది తప్పెట లూపే. ఆ తప్పెట కొట్టే కుటుంబాల్లోని పిల్లలు బెంగళూరులో కట్టడం పనికి పోయినారు. మనిషి వలస పోయినాడు, దెబ్బ మాత్రం ఊర్లో లౌడ్‌స్పీకరులో మిగిలింది. 2019 నుంచి పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా కార్లు తయారవుతున్నాయి. ఆ కార్ల స్పీకర్లలోనూ పలికేది ఇదే.

లేపాక్షి పోయి నాట్యమంటపంలో నిలబడండి. తుంబురుడు, మద్దెల పట్టిన బ్రహ్మ, హుడుక్క పట్టిన నంది, ఎవరు ఏ స్తంభం మీద ఉన్నారో గైడు గడగడా చెబుతాడు. నాలుగు వందల ఏళ్ళు దాటినా రాతి వాద్యగాళ్ళ పేర్లు పోలేదు. మొన్న వాయించిన నలుగురి పేర్లు మేము అట్ట మీద వెయ్యలేదు.

చట్టం లేదా అంటే ఉంది. 1957 నాటి కాపీరైటు చట్టానికి 1994లో సవరణ తెచ్చి ప్రదర్శకుల హక్కు అనేది చేర్చినారు. పాడేవాడు, ఆడేవాడు, వాయించేవాడు అందరూ ప్రదర్శకులే. 2012 సవరణ ఇంకో అడుగు వేసింది. ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే వాయించినవాడికి రాయల్టీ రావాలంది. వాయించింది ఫలానావాడని చెప్పించుకునే హక్కు, తన వాయింపును తన పరువు పోయేలా వికృతం చేస్తే అడ్డుకునే హక్కు కూడా ఇచ్చింది. తప్పెట వాడికి ఈ సంగతి ఎవరు చెప్పాలి? మన విద్యార్థి సంఘాలు చెప్పాలి, మన ఉద్యోగ సంఘాలు చెప్పాలి. మేము చెప్పినామా? పూట కూలి చేతిలో పెట్టి పంపించినాం. హక్కుల మీద సభ పెట్టి, ఆ సభ పాటలోనే ఒకరి హక్కు మింగినాం. పాలకులను తిట్టే నోటితోనే ఈ మాట కూడా చెప్పుకోవాలి.

ధర్మవరం చీర సంగతి చూస్తే మనకు ఇంకా బాగా అర్థం కావాలి. చేతిమగ్గం మీద నేసిన డిజైనును మరమగ్గం మీద దించి సగం ధరకు అమ్ముతుంటే నేతన్నలు ఎన్నిసార్లు రోడ్డెక్కినారు! 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం పట్టుకుని ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగినారు! ఆ చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. పక్కనే నిమ్మలకుంట తోలుబొమ్మలకు గుర్తింపు ఉంది, అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. సంతోషం. అదే తోలుతో చేసిన తప్పెటకు, దాని మీద పుట్టే దరువుకు మాత్రం ఏ ముద్రా లేదు. బొమ్మ కంటికి కనిపిస్తుంది, చీర చేతికి తగులుతుంది, దరువు గాలిలో పోతుంది అనుకున్నాం. ఇప్పుడు గాలిలో పోవడం లేదు. ఫైలులో పోతోంది.

లూపులే వద్దంటావా అని మిత్రులు గద్దించినారు. వద్దనడం లేదు. చేతిలో రెండు వేలు లేని కుర్రోడు పది మంది తప్పెట జట్టును ఎక్కడ తెచ్చుకుంటాడు? వాడి పాట వాడి ఫోనులో పుట్టడం మంచిదే. 1992లో 'రోజా' వచ్చినాక కంప్యూటరు మీద తాళం అల్లడం మన ఇళ్ళలోకి వచ్చింది, దాన్ని వెనక్కి తోయలేం. తోయాల్సిన పనీ లేదు. నేను అడిగేది వేరు. ముక్క కోసే ముందు మొత్తం వాయింపును మొదటి దెబ్బ నుంచి చివరి దెబ్బ దాకా దాచండి. ఫైలు పేరులో ఊరు, వాద్యం, వాయించినవాళ్ళ పేర్లు, అసలు నడక ఎంతో రాయండి. 'డప్పు 3' కాదు. పాతిక శాతం లాగాల్సి వస్తే లాగకండి, పాటనే కొంచెం దించండి. గాయకుడు 120 మీద పాడగలిగితే 104 మీదా పాడగలడు. అనంతపురంలో ఆకాశవాణి కేంద్రం ఉంది, కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉంది. చెక్కభజన, ఉరుములు, తప్పెట, కోలాటం ఒక్కో ఊరి నడకతో పూర్తిగా రికార్డు చేసి పెట్టే పని వాళ్ళకు చేతకానిది కాదు. 2022లో జిల్లా రెండయింది, ఈ మూడు ఊర్లూ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చినాయి. కొత్త కలెక్టరేటులో కుర్చీలు పడినాయి గానీ ఈ దరువులకు ఒక బీరువా కూడా పడలేదు.

మేము మాత్రం మా తప్పు దిద్దుకునే పని మొదలుపెట్టినాం. ఈ ఏడు అదే నలుగురిని, వాళ్ళతో పాటు ఒక ఉరుముల జట్టును మళ్ళీ రికార్డు చేసినాం. స్టూడియోలో కాదు, వాళ్ళ ఊర్లోనే, గుడి వెనక ఖాళీ స్థలంలో, రెండు మైకులు పెట్టి. క్లిక్కు లేదు. పదకొండు నిమిషాలు ఏకబిగిన వాయించినారు. మధ్యలో ఒక కోడి కూసింది, దాన్నీ ఉంచేసినాం. ఇంటికొచ్చి లెక్క వేస్తే 88 దగ్గర మొదలై 150 దాకా పోయింది. పాటను ఆ నడక వెంటే పాడించినాం. గాయకుడు మూడు రోజులు తిట్టినాడు, నాలుగో రోజు కుదిరింది.

ఈసారి ఒక కాగితం కూడా రాసుకున్నాం. తెలుగులో, ఒకే పేజీ. ఎవరు వాయించినారు, ఎన్ని పాటలకు వాడుకోవచ్చు, ఇంకెవరికైనా ఇస్తే ఎంత ఇవ్వాలి అన్నీ అందులో ఉన్నాయి. పెద్దాయన మనవడితో రెండుసార్లు చదివించుకున్నాడు. సంతకం పెట్టే ముందు ఒక షరతు చేర్చమన్నాడు. చేర్చినాం. 'తప్పెటలు కాచుకునేదానికి గడ్డీ, మంట పెట్టుకునే జాగా రికార్డింగు వాళ్ళే ఇయ్యాల.'